అంట్ల లిక్విడ్: ఎంత వేస్తే చాలు?

జిడ్డు గిన్నె కనబడగానే చెయ్యి దానంతటదే లిక్విడ్ సీసాను గట్టిగా నొక్కేస్తుంది. స్పాంజి మీద ఓ ధార పడుతుంది, సింకు నిండా నురగ లేస్తుంది, గిన్నె బాగా తోముతున్నామన్న ధీమా వస్తుంది. ఆ ధారలో చాలా భాగం మాత్రం ఏ జిడ్డునూ పట్టుకోకుండానే సింకు గొట్టంలోకి పోతుంది.

లిక్విడ్‌లో అసలు పని చేసేవి సర్ఫాక్టెంట్లు. ఒక్కో అణువుకూ నీటితో కలిసే తల, నూనెతో కలిసే పొడవాటి తోక ఉంటాయి. నీళ్లలో పడగానే ఇవి ముందు ఉపరితలం మీద సర్దుకుని తలతన్యతను, అంటే నీటి పైపొరలోని బిగువును, తగ్గిస్తాయి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. సర్ఫాక్టెంట్ చేరితే అది 30 ప్రాంతానికి పడిపోతుంది. జిడ్డు పళ్లెం మీద ముత్యాల్లా నిలబడ్డ నీళ్లు లిక్విడ్ తగలగానే పలచగా పరుచుకునేది అందుకే. పైన చోటు నిండాక మిగిలిన అణువులు తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టుకుని గుంపులు కడతాయి. వీటిని మిసెల్‌లు అంటారు. తోమినప్పుడు ఊడిన నూనె ఆ తోకల మధ్య చిక్కుకుని, మళ్లీ గిన్నెకు అంటకుండా నీళ్లతో పాటు పోతుంది.

మిసెల్‌లు కట్టడానికి కొంత గాఢత కావాలి. స్వచ్ఛమైన నీళ్లలో సోడియం లారిల్ సల్ఫేట్ అనే సర్ఫాక్టెంట్ ఒక్కటే ఉంటే లీటరుకు దాదాపు 2.3 గ్రాములు పడుతుంది. లిక్విడ్‌లలో సాధారణంగా రెండు మూడు రకాలు కలుపుతారు కాబట్టి అంతకన్నా చాలా తక్కువతోనే పని మొదలవుతుంది. ఆ గాఢత దాటాక ఎంత పోసినా తలతన్యత ఇక పెద్దగా తగ్గదు, మిసెల్‌లు మాత్రమే పెరుగుతాయి. పట్టుకోవడానికి జిడ్డు ఉంటేనే వాటికి పని. అంటే లిక్విడ్‌ను గిన్నెల లెక్కన కాదు, జిడ్డు లెక్కన వాడాలి.

టబ్బులో కడిగితే 5 లీటర్ల గోరువెచ్చటి నీళ్లకు ఒకటి నుంచి ఒకటిన్నర టీస్పూన్లు, అంటే 5 నుంచి 8 మిల్లీలీటర్లు సరిపోతాయి. బాగా గాఢమైన రకమైతే టీస్పూనుకు లోపే. కుళాయి కింద కడిగేటట్లయితే చిన్న గిన్నెలో 200 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, అర టీస్పూను లిక్విడ్ కలిపి, స్పాంజిని అందులో ముంచుకుంటూ తోమాలి. చిక్కటి లిక్విడ్‌ను నేరుగా స్పాంజి మీద పోస్తే ఒకేచోట లోపలికి దిగిపోతుంది. మొదటి రెండు గిన్నెలకు అవసరానికి మించి అంటుతుంది, మిగిలింది కుళాయి ధారకు కొట్టుకుపోతుంది.

లిక్విడ్ కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. పెనం అడుగున చెంచాడు నూనె మిగిలితే పాత కాగితంతో తుడిచేయాలి. ఆ నూనెను పట్టుకోవడానికి ఖర్చయ్యే లిక్విడ్ అంతా మిగులుతుంది. తర్వాత గ్లాసులు, ఆపైన పళ్లాలు, చివర్న జిడ్డువి.

నురగ మురికిని వదిలించదు, కానీ ఒక కబురు చెబుతుంది. టబ్బులో తెల్లగా గుత్తులు కట్టిన నురగలోకి నూనె పెనం దించి దగ్గరగా చూడండి. నూనె చుక్కలు బుడగల పొరల మీదికి పాకి వాటిని పగలగొడతాయి. కాసేపటికి నీటి మీద బూడిదరంగు పలచటి తెట్టు మిగులుతుంది. ఉన్న సర్ఫాక్టెంట్ జిడ్డుకే సరిపోయిందని దానర్థం. అప్పుడు ఇంకో అర టీస్పూను వేయవచ్చు. నీళ్లే మురికిగా మారితే పారబోసి కొత్తవి పట్టుకోవడం నయం. నురగ నిలిచే ఉంటే మాత్రం సీసా జోలికి పోనక్కర్లేదు.

ఎక్కువైతే ఆ నురగ వదలడానికే నీళ్లు బోలెడు కావాలి. సరిగ్గా కడగకపోతే గాజు మీద చారలు తేలతాయి. చేతుల చర్మంలోని సహజమైన నూనెలు కూడా పోయి చర్మం పొడిబారి పగులుతుంది. తక్కువైతే ఒక గిన్నె జిడ్డు ఇంకోదానికి అంటుతుంది. కడిగిన పళ్లాన్ని వాల్చి చూస్తే తెలిసిపోతుంది: శుభ్రంగా ఉంటే నీళ్లు ఒకే పొరలా జారతాయి, జిడ్డుంటే చుక్కలుగా విడిపోతాయి. ఈ పరీక్ష గాజు, పింగాణీ, స్టీలుకే. ప్లాస్టిక్ ఎంత శుభ్రంగా ఉన్నా నీళ్లు దాని మీద చుక్కలుగానే నిలుస్తాయి.

మాడిన అడుగుకూ, ఎండిన గంజికీ లిక్విడ్ పెంచి లాభం లేదు, నానబెట్టాలి. గుడ్డు, పాలు అంటిన గిన్నెలకు ముందు చన్నీళ్లు పోయాలి, వేడికి వాటిలోని ప్రొటీన్ గట్టిపడి అంటుకుపోతుంది.

పొదుపు కోసం లిక్విడ్‌లో నీళ్లు కలిపి సీసాలో రోజుల తరబడి ఉంచడం మాత్రం వద్దు. నీళ్లతో పాటు అందులోని ప్రిజర్వేటివ్ కూడా పలచబడి, బ్యాక్టీరియా పెరగడానికి దారి దొరుకుతుంది. ఏ పూటకు కావలసింది ఆ పూటే కలుపుకోవాలి.