కారులో గోడ లేదు, మరి ప్రతిధ్వని ఎక్కడిది?

ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు రాశారు. “మా నాన్నగారి కారు 2009 నాటిది. అందులో రేడియో, సీడీ తప్ప ఇంకేం లేవు. సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చే బ్లూటూత్ పరికరం ఒకటి కొన్నాను. పాటలు హాయిగా వస్తున్నాయి. ఫోన్ వస్తే మాత్రం అవతల మా అమ్మ ‘నా మాట నాకే వినపడుతోందే’ అంటుంది. నాకేమో ఏమీ వినపడదు. ఇద్దరం ఒకేసారి మాట్లాడితే మాట తెగిపోతుంది. పరికరం మార్చాలా, కారే మార్చాలా?”

కారు మార్చక్కర్లేదండీ. పరికరం సంగతి చివర్లో తేల్చుకుందాం. మీరు అడిగిన ఈ ఒక్క ప్రశ్నలో ధ్వనిశాస్త్రం, టెలిఫోన్ చరిత్ర, మంచి గణితం మూడూ ఉన్నాయి. నాలుగు రోజులుగా నా మనసు దీని మీదే ఉంది.

పాత కారుకు బ్లూటూత్ పెట్టే దారులు అందరికీ తెలిసినవే, త్వరగా దాటేస్తాను. స్టీరియోకు ఆక్స్ (బయటి పరికరం తీగ గుచ్చే రంధ్రం) ఉంటే చిన్న రిసీవర్ చాలు. క్యాసెట్ ప్లేయర్ ఉంటే క్యాసెట్ ఆకారంలోనే అడాప్టర్ దొరుకుతుంది. ఏదీ లేకపోతే మీరు కొన్నలాంటి ఎఫ్.ఎం. పరికరం. అది ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పాట అందుకుని, 88 నుంచి 108 మెగాహెర్ట్‌జ్‌ల మధ్య ఖాళీగా ఉన్నచోట బుల్లి రేడియో స్టేషన్‌లా ప్రసారం చేస్తుంది. కారు రేడియో దాన్ని పట్టుకుంటుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే దారిలో మీ పాట పోయి ఎవరిదో ప్రకటన వస్తుంది చూడండి, అది ఎఫ్.ఎం. స్వభావం. ఒకేచోట రెండు స్టేషన్లు పడితే బలమైనది రెండోదాన్ని పూర్తిగా మింగేస్తుంది. ఇక చివరి దారి, స్టీరియోనే మార్చేయడం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ప్రతిధ్వని గురించి బడిలో మనకు నేర్పింది ఒక్క అంకె: 17.2 మీటర్లు. చెవిలో శబ్దం 0.1 సెకను నిలుస్తుంది, గాలిలో ధ్వని వేగం సెకనుకు 344 మీటర్లు, కాబట్టి గోడ కనీసం 17.2 మీటర్ల దూరంలో ఉంటేనే ప్రతిధ్వని విడిగా వినిపిస్తుంది. ఈ లెక్క తప్పు కాదు. పిల్లలు ఆ అంకెను మాత్రం పట్టుకుని 0.1 సెకనును వదిలేసేలా నేర్పడం మాత్రం నాకు బాధ కలిగిస్తుంది. ప్రతిధ్వనికి ప్రాణం ఆలస్యంలో ఉంది, దూరంలో లేదు. ఆలస్యం ఎక్కడి నుంచి వచ్చినా ప్రతిధ్వని పుడుతుంది.

మీ కారులో స్పీకరుకూ మైకుకూ మధ్య దూరం మీటరు కూడా ఉండదు. ధ్వని దాన్ని 3 మిల్లీసెకన్లలో దాటేస్తుంది. అందుకే మీకు ఏమీ తెలియదు. మీ అమ్మగారి మాట ఎంత దూరం తిరిగిందో చూడండి. ఆమె ఫోన్, టవరు, నెట్‌వర్కు, మళ్లీ టవరు, మీ ఫోన్, బ్లూటూత్, ఎఫ్.ఎం., తలుపులోని స్పీకరు. అక్కడి నుంచి గాల్లో మీటరు దూరం నడిచి పరికరం మైకులో పడింది. వచ్చిన దారినే తిరుగుప్రయాణం కట్టింది. మాటను చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, విప్పడానికే దారిలో ప్రతిచోటా సమయం పడుతుంది. రానూపోనూ కలిపి 300 మిల్లీసెకన్లు అనుకుందాం. గోడ లెక్కలో చెప్పాలంటే ఆమెకు దాదాపు 50 మీటర్ల దూరంలో ఓ కొండరాయి నిలబడినట్టు. ఆ కొండ ఉన్నది నెట్‌వర్కులో. మీకు ఆ కొండ లేదు, ఎందుకంటే ఆమె చెవి దగ్గర పెట్టుకున్న ఫోన్‌లో స్పీకరు నుంచి మైకుకు శబ్దం దాదాపు కారదు.

అంటే ఈ జబ్బు మీ కారులో ఉంది, బాధ ఆమె చెవిలో ఉంది. మందు మీ వైపే వేయాలి.

ఆ మందు కనిపెట్టాల్సిన అవసరం మొదట ఉపగ్రహాల వల్ల వచ్చింది. 1965లో ‘ఎర్లీ బర్డ్’ అనే ఉపగ్రహం అట్లాంటిక్ మీద నిలిచి ఫోన్ మాటలు మోయడం మొదలుపెట్టింది. అది 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉండేది. పైకి, కిందికి కలిపి 72,000 కిలోమీటర్లు, అంటే కాంతి వేగంతో వెళ్లినా దాదాపు పావు సెకను. తిరిగొచ్చే మాటకు అర సెకను. అప్పటిదాకా వాడిన ఉపాయం మొరటుది. ఒకరు మాట్లాడుతుంటే రెండోవైపు తీగను తాత్కాలికంగా తెంపేసేవారు. మీకు మాట తెగిపోతోంది అన్నారే, ఆ పాత ఉపాయం ఇంకా మీ పరికరంలో బతికే ఉంది. దానికి బదులుగా, తిరిగొచ్చే మాటను ముందే ఊహించి తీసివేసే పద్ధతిని అమెరికా టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో రూపొందించారు. దాని మీద 1967లో ముఖ్యమైన పరిశోధన పత్రం రాసినవారు మన్‌మోహన్ సోంధీ, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదువుకుని అమెరికా వెళ్లిన శాస్త్రవేత్త. అప్పటి ప్రతిధ్వని టెలిఫోన్ తీగల కూడలిలో పుట్టేది, కారులో కాదు. పద్ధతి మాత్రం అదే.

ముందే ఊహించడం ఎలా? గోల్కొండ కోటలో ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తాయి. గైడు చప్పట్లనే ఎందుకు ఎంచుకుంటాడో ఎప్పుడైనా ఆలోచించారా? చప్పట్లు క్షణంలో పుట్టి క్షణంలో పోతాయి. ఆ తర్వాత వినిపించేదంతా ఆ చోటు ఇచ్చిన జవాబే. ప్రతి చోటుకూ అలాంటి జవాబు ఒకటి ఉంటుంది, మనిషికి వేలిముద్రలా. నిరుడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక మిత్రుడి కారులో అద్దాలన్నీ మూసి చప్పట్లు కొట్టి ఫోన్‌లో రికార్డు చేశాను. తెర మీద పెద్దది చేసి చూస్తే మొదట ఒక నిటారు గీత, దాని వెనకే ముందు అద్దం నుంచి, పైకప్పు నుంచి వచ్చినవి చిన్న చిన్న గీతలు, ఆపైన ముళ్లకంపలా చిక్కుబడి సన్నబడిపోయే తోక. 50 మిల్లీసెకన్లకల్లా చదునైపోయింది. ఒక అద్దం దించి మళ్లీ కొడితే తోక వేరే ఆకారంలో వచ్చింది.

ఈ వేలిముద్రను పరికరం అంకెలుగా పెట్టుకుంటుంది. మామూలు ఫోన్ మాటలో సెకనుకు 8000 నమూనాలు, అంటే శబ్దాన్ని సెకనుకు అన్నిసార్లు కొలిచి రాసుకున్న అంకెలు. ఒక నమూనాకూ మరోదానికీ మధ్య ధ్వని నడిచేది 4.3 సెంటీమీటర్లు. 50 మిల్లీసెకన్ల తోకకు 400 అంకెలు కావాలి. “ఇప్పుడే వచ్చిన శబ్దంలో ఎంత భాగం మైకుకు చేరుతుంది, ఒక నమూనా క్రితం వచ్చినదానిలో ఎంత, రెండు నమూనాల క్రితం వచ్చినదానిలో ఎంత” అని 400 వాటాలు. అమ్మగారి మాటను ఈ వాటాలతో గుణించి కూడితే మైకులో పడబోయే ప్రతిధ్వని ముందే తెలుస్తుంది. మైకు శబ్దంలోంచి దాన్ని తీసేస్తే మిగిలేది మీ గొంతు.

ఆ 400 అంకెలు పరికరానికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పరు, అదే నేర్చుకుంటుంది. ఈ భాగం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. తంబూరా శ్రుతి చేయడం చూశారా? తీగ మీటుతారు, వింటారు, ఎంత తేడా ఉందో చెవి చెబుతుంది, బిరడా కొంచెం తిప్పుతారు. మళ్లీ మీటుతారు. తేడా తగ్గితే కింద పూసలు జరుపుతారు. పరికరం చేసేదీ అదే. తీసివేశాక మిగిలిన తేడాయే దాని చెవి.

ఒక్క వాటాతో లెక్క వేసి చూద్దాం. అమ్మగారి మాట బలం 10, మైకులో పడింది 6. అసలు వాటా 0.6, అది పరికరానికి తెలియదు. సున్నా అనుకుని మొదలుపెడుతుంది. ఊహ 0, తేడా 6. తేడాను మాట బలంతో భాగించి అందులో సగం వాటాకు కలుపుతుంది: 0.3. ఈసారి ఊహ 3, తేడా 3. వాటా 0.45 అవుతుంది, తేడా 1.5. తర్వాత 0.525, తేడా 0.75. ప్రతి మీటుకూ తేడా సగమవుతోంది. సగమే ఎందుకు, మొత్తం కలిపేస్తే ఒక్క అడుగులో చేరిపోదా? ఏసీ గాలి, టైర్ల హోరు లేని నిశ్శబ్దంలో అయితే చేరిపోతుంది. హోరులో పెద్ద అడుగు వేస్తే పరికరం హోరునే నేర్చుకుంటుంది. అడుగు ఆ మొత్తానికి 2 రెట్లు దాటితే తేడా ప్రతిసారీ పెరుగుతూ పోతుంది, బిరడా గింగిరాలు తిరిగి తీగ తెగినట్టే. తేడా చూసి సవరించుకునే ఈ పద్ధతిని 1960లో స్టాన్‌ఫర్డ్‌లో విడ్రో, హాఫ్ అనే ఇద్దరు చూపించారు. ఇప్పుడు ఆ తంబూరాకు 400 తీగలు ఉన్నాయనుకోండి, ప్రతి తీగనూ సెకనుకు 8000 సార్లు సరిచేస్తున్నారనుకోండి. ఊహకు 400, సవరణకు 400 చొప్పున సెకనుకు 64 లక్షల గుణకారాలు. గోటంత చిప్ ఈ పని నిశ్శబ్దంగా చేస్తోంది.

శ్రుతి చేస్తుంటే పక్కన ఎవరో గొంతెత్తి పాడితే ఏమవుతుంది? ఉన్న శ్రుతి కూడా చెడుతుంది. మీరూ అమ్మగారూ ఒకేసారి మాట్లాడినప్పుడు జరిగేది అదే. మీ గొంతును పరికరం తన తేడా అనుకుని 400 తీగలూ తప్పుగా తిప్పేస్తుంది. మంచి పరికరం ఇద్దరూ మాట్లాడుతున్నారని పసిగట్టి ఆ కాసేపు బిరడాల మీద నుంచి చేయి తీసేస్తుంది. చవకది అంత నమ్మకం లేక మీ మాటనే తెంపేస్తుంది.

ఇప్పుడు పాత కారుకే ప్రత్యేకమైన కష్టం. స్టీరియో మీది వాల్యూమ్ నాబ్ ఎక్కడుంది? పరికరం దాటాక ఉంది. పరికరం తన మాటను ఎఫ్.ఎం.లో వదిలేస్తుంది, కారు దాన్ని ఎంత పెంచుతుందో దానికి తెలియదు. 0.6 అని కష్టపడి నేర్చుకున్నాక మీరు నాబ్ తిప్పి శబ్దాన్ని రెట్టింపు చేస్తే అసలు వాటా 1.2 అయిపోతుంది. 400 అంకెలూ ఒక్కసారిగా తప్పు. తంబూరా శ్రుతి కుదిరిన మరుక్షణం ఎవరో అన్ని బిరడాలనూ తిప్పేసినట్టు. కాబట్టి ఫోన్ మాట్లాడుతున్నప్పుడు కారు నాబ్ ముట్టుకోకండి. ముందే తక్కువలో ఒకచోట ఉంచి, పెంచాలన్నా తగ్గించాలన్నా ఫోన్ మీది మీటలే వాడండి.

రెండోది తలుపులోని స్పీకర్లు. పదిహేనేళ్ల ఎండకు కాగితపు కోను బిరుసెక్కి ఉంటుంది, తలుపు లోపలి ప్లాస్టిక్ పలక గరగరలాడుతుంది. ఆ గరగర అమ్మగారి మాటలో లేని కొత్త శబ్దం. మాటలో లేనిదాన్ని గుణించి కూడే లెక్క ఎప్పటికీ ఊహించజాలదు. పలక వెనక నురగ టేపు అతికించడం చిన్న పనే, ఫలితం పెద్దది. మూడోది మైకు. సాకెట్ గేరు రాడ్డు దగ్గర ఉంటుంది, మీ నోటికి దూరం, తలుపు స్పీకర్లకు దగ్గర. దూరం సగమైతే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. తీగతో వచ్చే మైకు ఉన్న పరికరమైతే దాన్ని డ్రైవర్ తల పైన ఎండ పలకకు (సన్ వైజర్‌కు) తగిలించవచ్చు.

పాటలు బాగున్నాయి, మాట డబ్బాలోంచి వచ్చినట్టుందని చాలామంది అంటారు. పాట ఒకవైపే వెళ్తుంది. కాస్త ఆగి, పోగేసుకుని, సెకనుకు 328 కిలోబిట్ల దాకా వాడుకుంటుంది. మాటకు ఆగే వీలులేదు. రెండువైపులా 64 కిలోబిట్ల సన్న దారి, 3400 హెర్ట్‌జ్‌ల దగ్గర కత్తిరింపు. ‘స’ శబ్దపు బలంలో ఎక్కువ భాగం 4000 పైనే ఉంటుంది, అందుకే ‘స’ మసకబారుతుంది. 2011లో బ్లూటూత్ ఫోన్ మాటలకు వచ్చిన హ్యాండ్స్‌ఫ్రీ 1.6 ప్రమాణంతో 16,000 నమూనాల స్పష్టమైన మాట సాధ్యమైంది. అయితే అదే తోకకు 800 అంకెలు, రెట్టింపు వేగం, నాలుగింతల లెక్క. ఇంకో మెలిక ఉంది. మీ ఫోన్ కూడా ప్రతిధ్వనిని తీసేయగలదు. పరికరం ‘ఆ పని నేను చూసుకుంటాను’ అని ఫోన్‌కు ఒక ఆజ్ఞ పంపాలి. పంపకపోతే ఇద్దరూ శ్రుతి చేయబోయి మాటను నలిపేస్తారు.

స్టీరియోనే మార్చదలిస్తే చాలా పాత కార్లలో 18 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉండే ప్రామాణిక గూడు ఉంటుంది, కొత్తది అందులో ఇమిడిపోతుంది. వాల్యూమ్ దాని లోపలే ఉంటుంది కనుక నాబ్ సమస్య ఉండదు, తల దగ్గరకు లాగే మైకు కూడా వస్తుంది. తీగలు కలిపేటప్పుడు ఒక్క జాగ్రత్త. మా బంధువుల కారులో కొత్త స్టీరియో పెట్టిన వారానికే బ్యాటరీ చచ్చింది. దిష్టి తగిలిందని నిమ్మకాయలు, మిరపకాయలు కట్టారు. మళ్లీ చచ్చింది. చూస్తే తాళం తీసినా కరెంటు ఉండే పసుపు తీగకే ఎర్ర తీగనూ కలిపేశారు. తాళంతో పాటు ఆగాల్సిన స్టీరియో రాత్రంతా మేలుకుని ఉంది. ఎర్ర తీగ విడదీశాక ఆ బ్యాటరీ ఇప్పటికీ బాగుంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 2001లో యూటా విశ్వవిద్యాలయంలో స్ట్రేయర్, జాన్‌స్టన్ చేసిన ప్రయోగంలో, ఫోన్‌లో మాట్లాడుతున్నవాళ్లు సిగ్నళ్లను గమనించకపోవడం దాదాపు రెట్టింపయింది. ఫోన్ చేతిలో ఉన్నా, హ్యాండ్స్‌ఫ్రీ అయినా తేడా కనిపించలేదు. బరువు చేతి మీద కాదు, మనసు మీద పడుతుంది. కింద చెప్పే ప్రయోగం బండి ఆపి, ఇంటి ముందే చేయండి.

అద్దాలు మూసి, ఏసీ ఆపి, అమ్మగారికి ఫోన్ చేసి ఒకటి నుంచి ముప్పై దాకా నిదానంగా లెక్కపెట్టమనండి. మీరు నోరు మెదపకండి. ఏ అంకె దగ్గర తన మాట తనకు వినిపించడం ఆగిందో గుర్తుపెట్టుకోమనండి. ఆమె పదిహేను అనగానే స్టీరియో నాబ్ బాగా పెంచండి. ప్రతిధ్వని తిరిగి వచ్చి, మళ్లీ ఏ అంకె దగ్గర పోయింది? రెండోసారి నాబ్ ముట్టుకోకుండా ఒక అద్దం దించి చూడండి. రెండుసార్లూ మాయమైతే పరికరం మంచిదే, ఉంచుకోండి. ముప్పై అన్నా పోకపోతే అది నేర్చుకోవడం లేదన్నమాట, మార్చేయండి. ఆ అంకెలు మాత్రం నాకు రాసి పంపండి.