పాత మిలిటరీ బండికి చందాలు: నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఇంగ్లండ్‌లో పాత యంత్రాలను కాపాడే చారిటీల కోసం విరాళాలు సేకరించడం నా వృత్తి. ఇప్పుడు మా చేతిలో ఉన్నది రెండో ప్రపంచ యుద్ధం నాటి బెడ్‌ఫర్డ్ క్యూఎల్. నాలుగు చక్రాలూ లాగే మూడు టన్నుల లారీ అది. అయితే ఈ పనిలో నాకు ఓనమాలు దిద్దించింది ఒక విమానం, ఎక్స్‌హెచ్558 అనే ఏవ్రో వల్కన్ బాంబర్. 1960లో బ్రిటన్ వైమానిక దళంలో చేరిన ఆ విమానం 1993లో కొలువు దిగిపోయింది. తర్వాత జనం చందాలతో బాగుపడి 2007 అక్టోబరు 18న మళ్లీ గాల్లోకి లేచింది. ఆ విరాళాల కథలో మంచీ చెడూ రెండూ ఉన్నాయి కాబట్టి దాన్నే ఎక్కువగా చెబుతాను. హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి, ఇక్కడి తెలుగు సంఘాల నుంచి "మా దగ్గరో పాత మిలిటరీ జీపు ఉందండీ, చందాలు ఎత్తుదామా?" అని ఫోన్లు వస్తుంటాయి. అడిగేవాళ్లంతా ప్రేమతోనే అడుగుతారు. వాళ్ల మనసులో ఉండే అపోహలు మాత్రం దాదాపు ఒకటే.

అపోహ: ఒక్క పెద్ద దాత దొరికితే పనైపోతుంది.

వాస్తవం: దొరకడం నిజమే, కానీ ఆ దాత ఎప్పుడు వస్తాడన్నది చూడాలి. వల్కన్‌కు ముందుగా, లాటరీ డబ్బుతో వారసత్వ సంపదను కాపాడే హెరిటేజ్ లాటరీ ఫండ్ నుంచి 27 లక్షల పౌండ్లు మంజూరయ్యాయి. పెద్ద మొత్తమే, అయినా సరిపోలేదు. 2006 ఆగస్టులో డబ్బు అడుగంటి, సిబ్బందిని పంపించేసే పరిస్థితి వచ్చింది. జనాన్ని అడిగారు. పదీ ఇరవై పౌండ్ల చెక్కులు వచ్చిపడ్డాయి. చివరి ఘడియలో సర్ జాక్ హేవర్డ్ అనే సంపన్నుడు 5 లక్షల పౌండ్లు ఇచ్చి గట్టెక్కించారు. చాలామందికి ఆ 5 లక్షలే గుర్తుంది. ఆ చిన్న చెక్కులు లేకపోతే పెద్ద చెక్కు వచ్చేదని నేను అనుకోను. వేలమంది తమ వంతు వేశాక మిగిలిన లోటు పూడ్చమంటే పెద్ద దాత ముందుకొస్తాడు. ఖాళీ హుండీలో మొదటి నోటు వేయమంటే వెనకాడతాడు.

ఒక్కరే ఇచ్చిన ఉదాహరణ మనదేశంలోనే ఉంది. 2018లో భారత వైమానిక దళంలో చేరిన పాత డకోటా విమానం 'పరశురామ'ను అప్పటి ఎంపీ రాజీవ్ చంద్రశేఖర్ తన ఖర్చుతో బ్రిటన్‌లో బాగుచేయించి కానుకగా ఇచ్చారు. అయితే ఆ తర్వాత దాన్ని చూసుకోవడానికి పైలట్లూ మెకానిక్‌లూ, విమానాలు నిలిపే హ్యాంగర్లూ ఉన్న వైమానిక దళం సిద్ధంగా ఉంది. మీ వెనక అలాంటి సంస్థ ఉందా అన్నది ముందు చూసుకోండి.

అపోహ: బాగుచేయడానికయ్యే ఖర్చే మొత్తం ఖర్చు.

వాస్తవం: ఎక్కువ ప్రాజెక్టులను ముంచేది ఈ లెక్కే. వల్కన్ మళ్లీ ఎగరడానికి దాదాపు 70 లక్షల పౌండ్లయింది. ఎగరడం మొదలయ్యాక దాన్ని ఎగిరేలా ఉంచడానికి ఏటా ఇంచుమించు 20 లక్షల పౌండ్లు కావాల్సి వచ్చేది. బీమా, ఇంధనం, తనిఖీలు, ఇంజనీర్ల జీతాలు, విడిభాగాలు. పెళ్లికి కూడబెట్టి కాపురానికి మర్చిపోతే ఎలా?

లారీ కాబట్టి మా లెక్క చిన్నది. తలనొప్పి మాత్రం అదే. క్యూఎల్ టైర్లు చూస్తే గాడి నిండుగా, కొత్తవాటిలా ఉన్నాయి. వేలితో నొక్కితే రబ్బరు రాయిలా తగిలింది, పక్కల్లో సన్నటి పగుళ్లు. రంగుకు దాతలు దొరుకుతారు, ఎందుకంటే రంగు ఫొటోలో కనిపిస్తుంది. టైర్లకు, బ్రేకు గొట్టాలకు, షెడ్డు అద్దెకు అడిగితే మౌనం. అందుకే మా అప్పీలులో మొదటి పేజీలోనే రాశాం: "బండి లేవడానికి ఇంత, లేచాక అయిదేళ్లు తిరగడానికి ఇంత." అంకె పెద్దదైందని కమిటీలో కొందరు భయపడ్డారు. నిజమైన అంకెను చూసి వెనక్కి తగ్గే దాత, అబద్ధపు అంకెను నమ్మి ఇచ్చాక రెండోసారి అసలే రాడు.

అపోహ: పొరపాటు జరిగితే దాతల చెవిన పడనివ్వకూడదు, చందాలు ఆగిపోతాయి.

వాస్తవం: ఇక్కడే కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ పనికి ఇదే గుండెకాయ.

2012 మే 28న డాంకాస్టర్ విమానాశ్రయంలో వల్కన్ రన్‌వే మీద వేగం అందుకుంటుండగా ఒక పక్క ఉన్న రెండు ఇంజన్లు ఒకదాని వెంట ఒకటి పాడైపోయాయి. కారణం ఏమిటంటే, విమానం నిలిపి ఉన్నప్పుడు తేమ పీల్చడానికి గాలి దారిలో పెట్టిన సిలికా జెల్ సంచులు. వాటిని తీయడం మరిచారు. ఇంజను వాటిని మింగేసింది, దాని శకలాలు పక్క ఇంజనులోకి వెళ్లాయి. ఆ ఒలింపస్ ఇంజన్లను తయారుచేసేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. నిల్వలో ఉన్నవే ఉన్నవి. జనం చందాలతో కాపాడుకున్నవాటిలో రెండు నిమిషంలోపే పోయాయి.

వల్కన్‌ను చూసుకునే ట్రస్టు దాన్ని దాచలేదు. సంచుల సంగతి బయటపెట్టింది, ఎంత నష్టమో చెప్పింది, సాయం అడిగింది. ఆ వేసవిలోనే విమానం మళ్లీ ఎగిరింది.

మా విషయంలోనూ ఒకటి జరిగింది. అచ్చు తీయడానికి ఒక పోత కర్మాగారానికి పంపిన భాగం పగిలి తిరిగొచ్చింది. దాతలకు వార్తాలేఖ వెళ్లాల్సిన వారం అది. రెండు రోజులు నాకు నిద్ర లేదు. చివరికి పగిలిన భాగం ఫొటో పెట్టి, ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో రాసి పంపాం. జవాబుల్లో ఒకటి, కార్ఖానాలో పోతపని చేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గర్నుంచి వచ్చింది. మేం ఇచ్చిన కొలతల్లో తప్పెక్కడుందో ఆయన గీసి చూపించారు. ఆ ఉత్తరం మా అందరికీ పెద్ద విరాళంతో సమానం.

అపోహ: అసలు భాగాలన్నీ ఉంటేనే చరిత్ర, లేకపోతే మోసం.

వాస్తవం: మార్చింది చెప్పకపోతేనే మోసం. 1943లో ట్యునీషియాలో బ్రిటిష్ సేనలకు చిక్కిన జర్మన్ ట్యాంకు టైగర్ 131 ఇప్పుడు ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలో నడుస్తోంది. అందులో ఉన్నది దానితో పుట్టిన ఇంజను కాదు, అదే మేబాక్ కంపెనీ చేసిన మరో రకం. మ్యూజియం ఆ సంగతి దాచదు. తీసిన ప్రతి భాగానికీ చీటీ కట్టండి, ఫొటో తీయండి, దాచండి.

అపోహ: యుద్ధయంత్రానికి చందా అంటే యుద్ధాన్ని పొగడటమే.

వాస్తవం: ఈ ప్రశ్న అడిగేవాళ్లంటే నాకు గౌరవం. వల్కన్ అణుబాంబు మోయడానికి పుట్టిన విమానం, ఆ మాట దాటవేయకూడదు. కానీ చందా ఇచ్చేవాళ్లు ఎవరో చూడండి: దానికి రివెట్లు కొట్టిన కార్మికులు, రాత్రిళ్లు కాపలా కాసినవాళ్లు, వాళ్ల పిల్లలు. మా లారీకి ఇక్కడి ఒక తెలుగు కుటుంబం విరాళం ఇచ్చింది. వాళ్ల తాతగారు బర్మా రంగంలో మిలిటరీ లారీ నడిపారట. ఆ యుద్ధంలో భారత సైన్యంలో చేరినవాళ్లు 25 లక్షల మంది. వాళ్లలో చాలామంది కుటుంబాలకు చేత్తో తాకడానికి ఒక ఆనవాలు కూడా మిగల్లేదు. ఆ ఇంటి ఆడపడుచు స్టీరింగ్ పట్టుకుని కాసేపు ఊరకే కూర్చుంది.

అపోహ: ఆన్‌లైన్‌లో ఖాతా నంబరు పెడితే విదేశాల్లోని మనవాళ్లు పంపేస్తారు.

వాస్తవం: ఇండియాలోని సంస్థ కోసమైతే ఆగండి. భారత పౌరసత్వం ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరుడో బ్రిటన్ పౌరుడో అయిపోతే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. దానికి సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద అనుమతి, ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. బ్రిటన్‌లో చారిటీకి ఇస్తే మాత్రం గిఫ్ట్ ఎయిడ్ ఫారం నింపడం మర్చిపోకండి. ఇక్కడ పన్ను కట్టే దాత ఇచ్చిన ప్రతి పౌండుకూ ప్రభుత్వం మరో 25 పెన్నీలు కలుపుతుంది. లక్ష్యం చేరకపోయినా, డబ్బు మిగిలినా ఏం చేస్తారో అప్పీలులోనే రాయాలి.

అపోహ: బండి కదిలితే పని ముగిసినట్టే.

వాస్తవం: విశాఖ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ 2002 నుంచి మ్యూజియంగా నిలబడి ఉంది. కదలదు, కానీ రోజూ టికెట్టు కొని లోపలికి వెళ్లేవాళ్లున్నారు, చూసుకునే యంత్రాంగం ఉంది. విమానవాహక నౌక విక్రాంత్‌కు అది కుదరలేదు. 1997లో విధుల నుంచి తప్పుకుని ముంబయిలో మ్యూజియంగా ఉన్న ఆ నౌకను కాపాడాలని కోర్టు దాకా వెళ్లినా, 2014లో తుక్కుగా విడగొట్టారు. వల్కన్‌కు సాంకేతిక బాధ్యత వహించిన కంపెనీలు తప్పుకోవడంతో 2015 అక్టోబరు 28న ఆఖరిసారి ఎగిరింది. తర్వాత హ్యాంగర్ పోయింది, ఆరుబయట నిలిచింది. 2022లో అది ఉన్న డాంకాస్టర్ విమానాశ్రయమే మూతపడింది.

అందుకే క్యూఎల్‌కు మొదటి అప్పీలు రాయకముందే షెడ్డు అద్దె పదేళ్లకు రాయించుకున్నాం. పైకప్పు రేకులు నిరుడు మార్చాం. ఆ ఖర్చుకు చందా అడిగినప్పుడు లారీ ఫొటో పెట్టలేదు, కారుతున్న రేకు ఫొటోనే పెట్టాం. మూడు వారాల్లో డబ్బు సమకూరింది.