టమాటా కాండం ఒక్కటి కాదు

టమాటా మొక్కకు నేల నుంచి కొస వరకూ ఒకే కాండం ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి అది ఒకదాని పంగలోంచి మరొకటి పుట్టుకొచ్చిన కొమ్మల గొలుసు. విత్తనం నుంచి మొలిచిన తొలి కాండం సుమారు 8 నుంచి 12 ఆకులు వేసి, పూగుత్తితో ముగిసిపోతుంది. అప్పుడు చివరి ఆకు పంగలోని మొగ్గ చురుకై, పూగుత్తిని పక్కకు నెట్టి, తానే నిటారుగా లేచి 3 ఆకులు వేసి, తిరిగి పూతతో ఆగుతుంది. ఆ పైన పెరిగేది మళ్లీ దాని పంగలోని మొగ్గే.

ఈ వరస ఎడతెగకుండా సాగడానికి కారణం 'సెల్ఫ్ ప్రూనింగ్' అనే జన్యువు. పేరుకు 'తనను తాను కత్తిరించుకోవడం' అని అర్థమైనా దాని పని మాత్రం సరిగ్గా అందుకు విరుద్ధం. జన్యువు చెడినప్పుడు కనిపించే లక్షణాన్ని బట్టి పేరు పెట్టే అలవాటు వల్ల వచ్చిన తిరకాసు ఇది. 1914లో అమెరికాలోని ఫ్లోరిడాలో బయటపడిన, ఈ జన్యువు చెడిన ఒక పొట్టి మొక్కలో గుత్తికీ గుత్తికీ మధ్య ఆకులు తగ్గుతూ వచ్చి, చివరికి రెండు గుత్తులు వెంటవెంటనే ఏర్పడి పెరుగుదల నిలిచిపోయింది. కాయలు దాదాపు ఒకేసారి పండే ఈ లక్షణమే యంత్రాలతో కోసే రకాలకు ఆధారమైంది. 1998లో జన్యువును వేరుచేసి చూస్తే, అంత మార్పుకూ మూలం ప్రొటీన్‌లో 76వ స్థానాన ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం బదులు ల్యూసీన్ అనే మరో అమైనో ఆమ్లం చేరడమేనని తేలింది.

దీనికి ఎదురు నిలిచేది, అదే కుటుంబానికి చెందిన 'సింగిల్ ఫ్లవర్ ట్రస్' అనే జన్యువు. ఇది ఆకుల్లో తయారై కొసకు చేరి పూతను ప్రేరేపించే సంకేతాన్నిస్తుంది. ఆ జన్యువు చెడి ఆలస్యంగా పూసే మొక్కకు అది బలంగా పనిచేసే మొక్కను అంటుకడితే, లోపం చాలావరకు సరిదిద్దుకుంటుంది. కాండం ఎప్పుడు ఆగాలన్నది ఈ రెండింటి పాళ్లను బట్టి ఉంటుంది.

పక్క కొమ్మల సంగతి వేరు. 'లేటరల్ సప్రెసర్' అనే జన్యువు చెడితే ఆకు పంగల్లో చాలావరకు మొగ్గలే ఏర్పడవు, పూలకు రేకులూ లోపిస్తాయి. అయినా పూగుత్తి కింది మొగ్గ మాత్రం వస్తుంది కనుక మొక్క పైకి సాగుతూనే ఉంటుంది. 'బ్లైండ్' అనే మరో జన్యువు చెడినప్పుడు ఆ మొగ్గే కరవై, తొలి గుత్తితోనే ప్రధాన కాండం ఆగిపోతుంది.