బిగుసుకుపోయిన కుట్టు మిషన్ మళ్లీ తిరగాలంటే

వసారా మూలన ఏళ్ల తరబడి పడి ఉన్న నల్ల తొక్కుడు మిషన్ చక్రం కదలకపోతే లోపల ఏదో విరిగిందనుకుంటాం. సాధారణంగా ఏదీ విరగదు. పోత ఇనుము, ఉక్కు కడ్డీలు అంత త్వరగా చెడవు. వాటిని పట్టేసి ఉంచేది పాత నూనె.

మిషన్ నూనె అయిపోతే చేతికందిన వంట నూనె నాలుగు చుక్కలు వేయడం మన ఇళ్లలో ఉన్నదే. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెల అణువుల్లో ద్విబంధాలు, అంటే కార్బన్ పరమాణువుల మధ్య జంట బంధాలు, ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్ వాటి దగ్గర చేరి ఒక అణువును పక్క అణువుతో ముడివేస్తుంది. పల్చటి నూనె మొదట బంకగా, తర్వాత లక్కలా మారుతుంది. మూకుడు అంచున ఎంత తోమినా వదలని పసుపు పొర కూడా ఇదే. కొబ్బరి నూనెలో ద్విబంధాలు తక్కువే, కానీ అది సుమారు 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. సంక్రాంతి చలికి మిషన్ బరువెక్కడానికి అది చాలు. దుకాణంలో దొరికే మిషన్ నూనె పెట్రోలియం నుంచి తీసింది కాబట్టి ఇలా అల్లుకోదు.

నూనె సంగతి చూసేముందు ఒక పరీక్ష చేయాలి. సూది కింద ఉండే బాబిన్ కేస్ (కింది దారం చుట్ట పెట్టే డబ్బీ), దాని చుట్టూ ఉండే కొన ఉన్న షటిల్ బయటికి తీసి చక్రం తిప్పి చూడండి. అప్పుడు తిరిగితే జబ్బు నూనెది కాదు, షటిల్ గాడిలో చిక్కిన దారం ముక్కది. పట్టకారుతో లాగేస్తే పని అయిపోతుంది. అప్పటికీ కదలకపోతేనే కిరసనాయిలు.

బెల్టు తప్పించి, మిషన్‌ను వెనక్కి వాల్చి, ఎడమ పక్క రేకు విప్పండి. నూనె రంధ్రాలన్నింటిలో, లోహం లోహంతో రాసుకునే ప్రతి కీలు దగ్గరా రెండేసి చుక్కల కిరసనాయిలు వేసి రాత్రంతా వదిలేయండి. తెల్లారాక చక్రాన్ని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపాలి. బలం పెట్టి తిప్పకూడదు, కర్ర దూర్చి తిప్పడం అసలే వద్దు. మొండికేస్తే కిరసనాయిలు పూర్తిగా తుడిచి, ఆరాక, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో ఆ భాగాన్ని వేడి చేస్తే బంక మెత్తబడుతుంది. కిరసనాయిలు తడి ఉండగా వేడి పెట్టడం నిప్పుతో చెలగాటం. రెండు మూడు రోజులు పట్టినా తొందరేమీ లేదు.

థిన్నర్, స్పిరిట్, శానిటైజర్ మాత్రం మిషన్ దగ్గరికి రానివ్వొద్దు. బంగారు రంగు పువ్వుల మీదున్న మెరుపు పూత చాలా పాత మిషన్లలో లక్కతో చేసింది. ఆల్కహాల్ తగిలితే కరిగి, పువ్వులు గుడ్డకు అంటుకొచ్చేస్తాయి.

కిరసనాయిలు జిడ్డును కరిగిస్తుందే గానీ రాపిడిని ఆపలేదు. అందుకే చక్రం తిరగగానే తుడిచి, ఒక్కో చోట ఒక్కో చుక్క మిషన్ నూనె వేసి, దారం లేకుండా ఐదు నిమిషాలు తొక్కండి. నల్లటి మురికి కారుతుంది. అది ఆగేదాకా తుడుస్తూ, నూనె వేస్తూ ఉండాలి.

తిరిగే మిషన్ కుట్టకపోతే? ముందు సూదినే అనుమానించాలి. సూదికి ఒక వైపు పొడవైన గాడి, రెండో వైపు కన్ను పైన చిన్న నొక్కు ఉంటాయి. సూది అట్టడుగుకు వెళ్లి సుమారు రెండున్నర మిల్లీమీటర్లు పైకి లేచేసరికి, గాడి వైపు దారం సూదితోపాటు లేస్తుంది. నొక్కు వైపు దారం బట్టకు ఒత్తుకుని ఆగి, ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా అప్పుడే షటిల్ కొన ఆ ఉచ్చులో దూరుతుంది. 1879 నాటి సింగర్ మిషన్‌లో గుండ్రంగా తిరగకుండా అటూ ఇటూ ఊగే షటిల్ చేసేదీ ఈ పనే. మన నల్ల మిషన్లలో ఎక్కువ ఆ కుటుంబానివే. సూదిని పైదాకా ఎక్కించి బిగించకపోయినా, అది వంగినా, తిరగబడినా ఉచ్చు తప్పిపోయి కుట్లు ఎగురుతాయి. సూది పైనున్న చివరి దారపు కొక్కెం ఎటు ఉంటే పొడవు గాడి అటు, సూది కాడకు ఉన్న చదును వైపు దానికి ఎదురుగా రావాలి. నూలు బట్టకు 14 నంబరు సూది, పల్చటి పట్టుకు 11 సరిపోతాయి.

బట్ట అడుగున దారం గూడు కడితే అందరూ బాబిన్ కేస్ స్క్రూ తిప్పుతారు. అది పొరపాటు. కింద కనిపించే గూడు పై దారానిది! బట్టను నొక్కి పట్టే ప్రెషర్ ఫుట్ దించి ఉండగా దారం ఎక్కిస్తే అది, దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లల మధ్యకు దిగదు, దాన్ని పట్టి లాగేవారే ఉండరు. ఫుట్ ఎత్తి ఎక్కించండి. బిళ్లల మధ్య తుప్పో నూగో ఉంటే నూనె అద్దిన గుడ్డ పేలిక లాగి, తర్వాత పొడి గుడ్డతో తుడవండి. బాబిన్ కేస్‌ను దారంతో వేలాడదీస్తే తన బరువుకు జారకూడదు, చిన్నగా కుదిపితే కాస్త దిగాలి. అలా లేకపోతేనే స్క్రూ ముట్టుకోండి, అదీ పావు చుట్టుకు మించకుండా.

తొక్కేటప్పుడు చేతి చక్రం పైభాగం మీ వైపు రావాలి. వెనక్కి తిరిగిందా, దారం షటిల్‌లో చిక్కి తెగుతుంది. తోలు బెల్టు జారుతుంటే అర అంగుళం కోసి కొత్త రంధ్రం చేసి క్లిప్పు వేయండి. మరీ బిగిస్తే తొక్కుడు బరువై మోకాళ్లు పట్టేస్తాయి.