కొండ దిగొచ్చి బయోటిన్ అడిగేవాళ్ళకు

తిరుపతిలో మెడికల్ షాపు కౌంటర్ వెనక పదిహేనేళ్ళుగా ఉన్నాను. జుట్టు కోసం అడిగే బయోటిన్ అనే బి విటమిన్ లాంటి సప్లిమెంట్ల గురించి రోజూ వినే మాటలివి.

అపోహ: సీసా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరుంది, అంటే పనిచేస్తుందని ప్రభుత్వమే తేల్చినట్టు.

వాస్తవం: ఆ 14 అంకెలు కంపెనీకిచ్చిన ఆహార లైసెన్సు నంబరు మాత్రమే. మందులకు 1940 నాటి డ్రగ్స్ చట్టం ఉంది. సప్లిమెంట్లు 2006 నాటి ఆహార భద్రతా చట్టం కిందికి వస్తాయి, అంటే లెక్కకు అవి ఆహారమే. అందుకే సీసా మీద 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్' (మందుగా వాడటానికి కాదు) అని రాసి తీరాలి. చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకండి. జబ్బు నయం చేస్తుందని దాని మీద రాయకూడదు. షుగర్ పోతుందని రాసుంటే ఆ డబ్బా అక్కడే పెట్టేయండి.

అపోహ: విటమినే కదా, ఎక్కువైతే ఒంట్లోంచి పోతుంది.

వాస్తవం: ఎ, డి, ఇ అలా పోవు, ఒంట్లో పేరుకుంటాయి. బి రకం బయోటిన్ మూత్రంలో పోయేదే, అయినా నాకు దాని గురించే ఎక్కువ బెంగ. కొండ మీద గుండు చేయించుకుని వచ్చి, "అన్నా, జుట్టు తొందరగా రావాలి, బయోటిన్ ఇవ్వు" అంటారు. గుండు తర్వాత జుట్టు తనంతట తానే నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పెద్దవాళ్ళకు రోజుకు 30–40 మైక్రోగ్రాముల బయోటిన్ చాలు. కొన్ని మాత్రల్లో 10,000 ఉంటుంది! అంత వేసుకుని రక్తపరీక్షకు వెళ్తే కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్ తప్పుగా తక్కువ చూపిస్తుంది. థైరాయిడ్ మాత్ర డోసు ఎక్కువైందని డాక్టరు తగ్గించే ప్రమాదం ఉంది. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఇలాగే తప్పవచ్చు. పరీక్షకు రక్తం ఇచ్చేముందు బయోటిన్ సంగతి చెప్పండి.

అపోహ: వేర్లు, ఆకులతో చేసింది, ఏమీ కాదు.

వాస్తవం: కూరలో చిటికెడు పసుపు వేరు, పసుపు సారం క్యాప్సూల్ వేరు. రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు డాక్టరుని అడగకుండా అది మొదలుపెట్టొద్దు.

అపోహ: కాల్షియం, థైరాయిడ్ మాత్ర పొద్దున్నే కలిపి మింగేయొచ్చు.

వాస్తవం: వద్దమ్మా. కాల్షియం ఆ మందును ఒంటికి పట్టనివ్వదు. నాలుగు గంటలు ఎడం ఇవ్వాలి. మల్టీవిటమిన్‌లో ఐరన్, కాల్షియం ఉంటే దానికీ ఇదే లెక్క. ఇంట్లో ఉన్న సీసాలన్నీ ఒక సంచిలో వేసుకుని రండి, ఏది ఎప్పుడు వేసుకోవాలో చూసి చెప్తాను.