ఒకే ఫొటో, ముగ్గురు సాక్షులు: వార్తల మీద అపోహలు – వాస్తవాలు

పత్రిక డెస్క్‌లో, అంటే రిపోర్టర్లు పంపిన వార్తలు దిద్ది పేజీల్లో పెట్టే చోట, పనిచేస్తానని చెప్పగానే జనం నన్ను అడిగేవి రెండే. "ఆ హెడ్డింగ్ ఏంటండీ, అలా పెట్టారు?" అని ఒకటి. "అసలు మీరు వేసేవి నిజాలేనా?" అని ఇంకొకటి. రెండోదానికి జవాబు పెద్దది, మొదటిదానితో మొదలుపెడతాను.

అపోహ: వార్త రాసిన రిపోర్టరే హెడ్డింగ్ పెడతాడు.

వాస్తవం: చాలా పత్రికల్లో అది డెస్క్ పని. బైలైన్‌లో, అంటే వార్త రాసినవారి పేరు వేసే చోట, పేరున్న మనిషికి తన వార్త ఏ శీర్షికతో వచ్చిందో పొద్దున పేపర్ చూసేదాకా తెలియకపోవచ్చు. కాలమ్‌లో పట్టాలి కదా, "ఆరోపణ" అనో "అవకాశం" అనో ఉన్న ఒక్క మాట ఎగిరిపోతుంది. లోపల జాగ్రత్తగా రాసింది పైన తీర్పులా కనిపిస్తుంది. తిట్టాలనిపిస్తే మమ్మల్ని తిట్టండి.

అపోహ: ఫేక్ ఫొటో అంటే మార్ఫింగ్ చేసిందో, ఏఐతో తయారుచేసిందో.

వాస్తవం: అవీ ఉన్నాయి, పెరుగుతున్నాయి కూడా. కానీ నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి నిజమైన ఫొటోలే. ఎప్పటిదో, ఎక్కడిదో ఫొటోకి ఇవాళ్టి వ్యాఖ్య తగిలించినవి. అలాంటిదాన్ని ఎంత పెద్దది చేసి చూసినా అతుకు కనిపించదు. అబద్ధం ఉన్నది కింద రాసిన వాక్యంలో.

ఓసారి వరదల రాత్రి, ఎడిషన్ వదలడానికి నలభై నిమిషాల ముందు ఒక ఫొటో వచ్చింది. సగం మునిగిన బస్సు, దాని పైన జనం. ఒకరు కాదు, ముగ్గురు పంపారు. ముగ్గురూ నాకు తెలిసినవాళ్లే. ఇంతమంది చెబుతున్నారు కదా అని పేజీలో పెట్టించేశాను. పక్క సీట్లోని సీనియర్ ఒక్క మాట అడిగారు: "వీళ్లలో ఫొటో తీసినవాడెవడయ్యా?" ఎవరూ కాదు. ముగ్గురికీ ఒకే గ్రూపులోంచి వచ్చింది. అదే ఫొటో నెట్‌లో ఇంకెక్కడుందో వెతికే రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో వేస్తే ఆరేళ్ల కిందటి తేదీతో, వేరే దేశం పేరుతో బయటపడింది. పేజీ ఆలస్యమైంది, నాకు చీవాట్లు పడ్డాయి. పడాల్సినవే.

ఆ సెర్చ్ మీదా ఓ భ్రమ ఉంది. పాత కాపీ దొరికితే "ఇది ఇవాళ్టిది" అన్న మాట అక్కడితో చెల్లు. దొరకకపోతే మాత్రం ఏదీ రుజువైనట్టు కాదు. అంతకుముందు నెట్‌లోకి ఎక్కకపోయి ఉండొచ్చు, కుడిఎడమలు తిప్పేసి ఉండొచ్చు, కత్తిరించి ఉండొచ్చు. అప్పుడిక బోర్డుల మీది లిపి, బండ్ల నంబర్ ప్లేట్లు, నీడలు, ఆ రోజు వాతావరణం ఒక్కొక్కటే చూసుకోవాలి. తీసినవాడు దొరికితే ఒరిజినల్ ఫైలుతో పాటు ముందూ వెనకా తీసినవీ అడుగుతాను. అక్కడ నిజంగా ఉన్నవాడి ఫోన్లో సాధారణంగా ఒక్క ఫొటోయే ఉండదు.

అపోహ: అబద్ధాలను పాకించేది బాట్లే, అంటే మనుషుల్లా పోస్టులు పెట్టే ప్రోగ్రాములే.

వాస్తవం: ఈ మాట మనకు హాయిగా ఉంటుంది, తప్పు మన మీదికి రాదు కాబట్టి. 2006 నుంచి 2017 దాకా ట్విటర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం పరిశోధకులు పరిశీలించారు. అన్నీ ఫ్యాక్ట్ చెకింగ్ సంస్థలు నిగ్గు తేల్చినవే. ఫలితాలు 2018లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. నిజం కన్నా అబద్ధం రీట్వీట్ అయ్యే అవకాశం 70 శాతం ఎక్కువ. 1,500 మందికి చేరడానికి నిజమైన కథనానికి అబద్ధం కన్నా దాదాపు ఆరు రెట్ల సమయం పట్టింది. బాట్లను లెక్కలోంచి తీసేసినా ఈ తేడా పోలేదు. అవి నిజాన్నీ అబద్ధాన్నీ ఇంచుమించు ఒకే ఊపుతో పంచాయి.

అపోహ: "పేరు చెప్పడానికి ఇష్టపడని అధికారి" అంటే కల్పితం.

వాస్తవం: పాఠకుడికి చెప్పని ఆ పేరు రిపోర్టర్‌కి తెలియాలి, ఎడిటర్ అడిగితే చెప్పగలగాలి. 1970ల్లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌ను గద్దె దింపిన వాటర్‌గేట్ కుంభకోణం వార్తలకు చాటుగా సమాచారమిచ్చిన ఎఫ్‌బీఐ అధికారి మార్క్ ఫెల్ట్ సంగతి 2005లో గానీ బయటికి రాలేదు. ఈ ముసుగును వాడుకునేవాళ్లు లేరని అనను. చాటున ఉండి సమాచారం ఇస్తే ఒక లెక్క, చాటున ఉండి ఎవరినో తిడితే ఇంకో లెక్క. రెండోదాన్ని నేను వార్తలోంచి కొట్టేస్తాను.

అపోహ: 1938లో రేడియో నాటకం విని అమెరికా అంతా భయంతో వీధుల్లోకి పరిగెత్తింది.

వాస్తవం: ఇది మా వృత్తి పుట్టించిన అపోహ. అక్టోబరు 30న సీబీఎస్ రేడియోలో నటుడు, దర్శకుడు ఆర్సన్ వెల్స్ అంగారకుల దాడిని వార్తా బులెటిన్ల ఫక్కీలో వినిపించిన మాట నిజం. కొందరు హడలిపోయి ఫోన్లు చేసిన మాటా నిజం. మర్నాడు పత్రికలు దాన్ని దేశవ్యాప్త కల్లోలంగా అచ్చేశాయి. ఆ రాత్రే రేడియో శ్రోతల లెక్కలు తీసే హూపర్ సంస్థ సుమారు 5,000 ఇళ్లకు ఫోన్ చేస్తే, ఆ కార్యక్రమం వింటున్నామన్నవారు 2 శాతమే! ప్రకటనల డబ్బు రేడియోకి తరలిపోతున్న రోజులవి, రేడియో ప్రమాదకరమని చూపడం పత్రికలకు చేదేం కాదు. పైగా వాటిల్లో వచ్చినవి చాలావరకు వార్తాసంస్థలు అక్కడొకటి ఇక్కడొకటి ఏరి పంపిన ఉదంతాల మూటలు. ఒకే మూటను ఎన్నో పత్రికలు విప్పాయి, నాకు బస్సు ఫొటో పంపిన ముగ్గురిలాగే.