స్వాతి చుక్క వెలిగించిన దీపాలు

చిట్టీ,

మొన్న సెలవుల్లో డాబా మీద పడుకున్నప్పుడు కరెంటు పోతే, "చుక్కల వెలుగుతో బల్బులు వెలిగించలేమా తాతయ్యా?" అన్నావు. నేను నవ్వేశాను. కానీ ఒకసారి వెలిగించారమ్మా! 1933 మే 27 రాత్రి, అమెరికాలోని చికాగోలో. అక్కడ ప్రపంచ ప్రదర్శన మొదలైన రోజది. దీపాలు వెలిగించడానికి పిలిచింది ఎవరినో తెలుసా? స్వాతి నక్షత్రాన్ని. దాని కార్తెలో పడ్డ చినుకు ముత్యమవుతుందంటారే, ఆ స్వాతినే.

అదే ఊళ్ళో 1893లోనూ ఇలాంటి ప్రదర్శన జరిగింది. స్వాతి వెలుగు మనదాకా రావడానికి 40 ఏళ్ళు పడుతుందని అప్పటి లెక్క. అంటే ఆ తిరనాళ్ళప్పుడు బయల్దేరిన వెలుగు ఈ తిరనాళ్ళకి చేరిందన్నమాట.

మా పొలం కాలువ శివారున ఉండేది. పైన నీళ్ళు వదిలారని కబురొచ్చాక కూడా రోజుల తరబడి గట్టు మీద కాపు కాసేవాళ్ళం. ముందు పుల్లా ఆకూ తోసుకుంటూ నురగ వచ్చేది. అవి ఆ రోజు వదిలిన నీళ్ళు కావుగా. వెలుగూ అంతే.

మరి ఇసుమంత వెలుగు అన్ని దీపాలనెలా వెలిగించింది? కాలువ దగ్గరే ఉందాం. ఒకసారి నేను పుల్లతో గట్టుకి వేలంత కన్నం పెట్టాను. చూస్తుండగానే గండి పడి కింది మడి మునిగింది. ఆ రోజు నా వీపు విమానం మోతే! పుల్లకేం బలముంది, నీళ్ళు ముందే గట్టు వెనక నిండి ఉన్నాయి. యెర్కీస్ అబ్జర్వేటరీ అని చుక్కల్ని పరిశీలించే చోటుంది, అక్కడ టెలిస్కోప్‌ని స్వాతి వైపు తిప్పి, ఆ వెలుగుని ఫొటోసెల్ మీద పడనిచ్చారు. వెలుగు తగిలితే అందులో రవ్వంత కరెంటు పుడుతుంది. దాన్ని పెంచి, తీగ మీద చికాగోకి పంపారు. అక్కడ స్విచ్చి పడింది. బల్బుల్లో కరెంటు మాత్రం ఆ ఊరిదే, చుక్క చేసింది నా పుల్ల పని. మబ్బు పడితే ఎలాగన్న టెన్షన్‌తో ఇంకొన్ని చోట్ల కూడా టెలిస్కోపులు సిద్ధం చేసుకున్నారు.

తర్వాత ఇంకా బాగా కొలిస్తే ఆ దూరం 37 ఏళ్ళే అని తేలింది. అంటే పాత తిరనాళ్ళ పందిళ్ళన్నీ పీకేశాక బయల్దేరిన వెలుగు! తప్పు తేలాక దిద్దుకున్నారు, నువ్వు లెక్కల నోట్సు దాచినట్టు దాచలేదు.

రాత్రి అన్నం తిన్నాక డాబా ఎక్కు. సప్తర్షుల తోక వంపు పట్టుకుని అలాగే ముందుకి పో. నారింజ రంగు చుక్క తగులుతుంది. మీ నాన్న నిక్కరేసుకుని తిరిగే రోజుల్లో బయల్దేరిన వెలుగది. కనబడగానే ఫోన్ చెయ్యి, నేనూ ఇక్కడ డాబా మీదే ఉంటాను.

మీ తాతయ్య